నూనె తేలని కూర

కూర మీద నూనె తేలాలి. మా అత్తగారింట్లో నేను నేర్చుకున్న మొదటి నీతి ఇదే. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు బీరకాయ కూర వండి గిన్నె తెచ్చి పెడితే, మా అత్తమ్మ రాధమ్మ గంటెతో అటూ ఇటూ కదిపి చూసింది. "గిదేంది, నూనేది? మనమేమన్న కూలికి పోయి బతుకుతున్నమా?" అంది. బయట అరుగు మీద పంచాయితీకి వచ్చిన మనుషులు కూర్చుని ఉన్నారు. వాళ్లకు వినపడాలనే అన్నదో, వినపడకూడదనే గొంతు తగ్గించుకున్నదో నాకు అప్పుడు తెలియలేదు. నూనె ఈ ఇంటి హోదా అని మాత్రం తెలిసింది. ఇక ఆ రోజు నుంచి పోస్తూనే ఉన్నాను. తన నీళ్లలో తనే ఉడికే బీరకాయను నూనెలో ముంచాను. దొండకాయల్ని నల్లబడేదాకా వేయించాను. మా ఆయన జనార్ధన్ కంచాన్ని వేలితో కొంచెం వంచి, నూనె అంచుకు జారడం చూసి, అప్పుడు ముద్ద కలిపేవాడు. అది ఆయన మెచ్చుకోలు. నోటితో మెచ్చుకోవడం ఆ ఇంట్లో మగవాళ్లకు అలవాటు లేదు.

రెండో నీతి కూడా ఆ వారంలోనే నేర్చుకున్నాను. "మా ఇంట్ల ఆడోళ్లు మగోళ్లకంటె ముందు గంటె ముట్టరు" అంది అత్తమ్మ. ఆయన పొద్దున బయటపడితే ద్రాక్షతోట, పంచాయితీ, మేడ్చల్ ఆఫీసుల చుట్టూ తిరిగి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అప్పటిదాకా కూర మూతపెట్టుకుని ఉండేది, నేనూ ఉండేదాన్ని. ఆయన తిన్నాక అత్తమ్మ, తర్వాత పిల్లలు, ఆ తర్వాత నేను. నా వంతు వచ్చేసరికి గిన్నె అడుగున ముక్క ఉండేది కాదు, కారం కలిసిన నూనె ఉండేది. అందులోనే అన్నం వేసి గిన్నె తుడుచుకుని తినేదాన్ని. ఊళ్లో అందరూ నా వంటను పొగిడేవాళ్లు. అది వేడిగా ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఉప్పు సరిపోయిందీ లేనిదీ వాసనతో పట్టేదాన్ని. "మా కోడలు రుచి సూడకుండనే వండుతది" అని అత్తమ్మ చుట్టాల్లో గొప్పగా చెప్పుకునేది. ఆకలి మీదున్న మనిషికి ముక్కు బాగా పనిచేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నాకు ఒక భూమి ఉండేది. ఇరవై గుంటలు, అంటే అరెకరం. పెళ్లప్పుడు మా నాయిన పసుపు కుంకుమ కింద నా పేరు మీద రాసిచ్చాడు. మా తల్లిగారి ఊరికీ అత్తగారి ఊరికీ మధ్య పొలిమేరలో, శామీర్‌పేట నుంచి లోపలికి పోయే బాట పక్కన, ఒక పాత బావి, దాని చుట్టూ ఎర్ర నేల. ఎకరాల లెక్క మాట్లాడుకునే ఇంట్లో ఇరవై గుంటలను ఎవరు లెక్కచేస్తారు? మా ఆయన దాన్ని "మణెమ్మ కూరగాయల జాగ" అనేవాడు, చిన్నపిల్ల ఆడుకునే లక్కపిడతల గురించి చెప్పినట్టు. వాళ్లు లెక్కచేయలేదు కాబట్టే అది నాకు మిగిలింది. ఇంటిపని తెమిలాక "కూరగాయలు తెంపుకొస్త" అంటే ఎవరూ ఎందుకని అడిగేవాళ్లు కాదు. నేను గడప దాటడానికి ఆ ఇంట్లో చెల్లే సాకు అదొక్కటే.

అక్కడ నేనే ఒక పందిరి వేసుకున్నాను. సగం మీద బీర తీగ, సగం మీద సొర. వానలు పడ్డాక ఆకులు కమ్ముకుని కింద వెలుతురు కూడా పచ్చగా ఉండేది. పందిరి కింద కూర్చుంటే కరీంనగర్ రోడ్డు మీద లారీల చప్పుడు ఎక్కడో నీళ్లు పారుతున్నట్టు వినపడేది. హకీంపేట విమానాలు పైన గుండ్రంగా తిరిగేవి. నేర్చుకునే పిల్లలంట, వాటిని నడిపేది. వాళ్లు తిరిగి తిరిగి దిగిపోయేవాళ్లు, నేను కింద ఆకుల సందులోంచి చూస్తూ ఉండేదాన్ని. అక్కడ నన్ను ఎవరూ పిలవరు. జనార్ధన్ భార్యను కాను, రాధమ్మ కోడల్ని కాను, పిల్లల తల్లిని కూడా కొంచెంసేపు కాను. నా చేతులు నా ఒళ్లో పడుకునేవి. చేతులకు కూడా నిద్ర వస్తుందని నాకు అక్కడే తెలిసింది.

ఆ కూర అక్కడే పుట్టింది. ఒక వానాకాలం పగటిపూట, పొద్దున తాగిన చాయ్ తప్ప కడుపులో ఏమీ లేదు. కొంగులో ఒక జొన్నరొట్టె మాత్రం చుట్టుకొచ్చుకున్నాను. పందిరికి లేత బీరకాయలు వేలాడుతున్నాయి. కలుపుకు వచ్చే ఆడవాళ్లు వండుకునే మూడు రాళ్లూ, ఒక చిన్న మట్టి గురిగీ, గుంజకు కట్టిన ఉప్పు మూటా కనపడ్డాయి. కొడవలితో బీరకాయ చెక్కు తీసి ముక్కలు కోసి, రెండు పచ్చిమిరపకాయలు చీరి గురిగిలో వేశాను. నూనె లేదు. నీళ్లు కూడా పోయలేదు. పైన ఒక మోదుగాకు కప్పి కింద కందికట్టె మంట పెట్టాను. కాసేపటికి బీరకాయ తనలోని నీళ్లు తనే విడిచింది. ఆ నీళ్లలోనే మెల్లగా మెత్తబడింది. ఆకు తీయగానే వచ్చిన ఆవిరి నా మొహమంతా తడిపింది. రొట్టె తుంచి, కాలుతున్న కూరను అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను.

బీరకాయ తియ్యగా ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా వండుతున్నాను, ఆ సంగతి నాకు అప్పుడు తెలిసింది. నాకు ఏడుపు వచ్చింది. బాధతో వచ్చిన ఏడుపు కాదు, అట్లా అని సంతోషమని కూడా చెప్పలేను. ఎవరూ తినకముందు, వేడిగా, నాకోసం నేను వండుకున్నది తింటున్నానని నాకే నమ్మకం కుదరలేదు. అటూ ఇటూ చూసి మళ్లీ తిన్నాను.

ఆ తర్వాత అదొక అలవాటైంది. సొరకాయ అయితే గుప్పెడు నానిన పెసరపప్పు వేసేదాన్ని. గోరుచిక్కుడు అయితే ముందు ఉప్పునీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు ఇగిరిపోయాక నలగ్గొట్టిన ఎల్లిపాయ. గట్ల మీద దానంతట అదే మొలిచే గంగవాయిల కూరలో చింతకాయ. చలికాలం చిక్కుళ్లకు నువ్వుల పొడి. ఇంటి దగ్గర వేయించి దంచి కొంగున ముడేసుకుని పోయేదాన్ని. ఏ కూరకూ పెద్ద పని ఉండేది కాదు. కూరగాయకు మనం చేయాల్సింది ఎంత తక్కువో అక్కడ తెలిసింది, దాన్ని ఎంత పాడుచేస్తామో కూడా. తిని, గురిగి కడిగి బోర్లించి, ఇంటికొచ్చి అందరికీ నూనె తేలే కూరలు వడ్డించేదాన్ని. చివర్లో నా వంతుకు రెండు ముద్దలు తిని లేస్తుంటే, "నా కోడలు గాలి తిని బతుకుతది" అనేది అత్తమ్మ. లోపల నవ్వుకునేదాన్ని. ఒక మనిషికి ఒక ముద్ద గుట్టుగా ఉండటం ఎంత బలమో చెప్పలేను. ఏళ్లు అట్లాగే గడిచాయి.

ఈలోపు ఊరు మారింది. ద్రాక్షతోటలు ఎండిపోతే గుంజలు పీకేశారు. ఆ నేల మీద సున్నం గీతలు వచ్చాయి, హద్దురాళ్లు వచ్చాయి. తూంకుంట దాకా వచ్చిన రేట్లు మా ఊరికి కూడా వచ్చేశాయని మగవాళ్లు అరుగుల మీద అదే మాట. మా ఆయన తెల్ల చొక్కాలు వేసుకుని వెంచర్లు చేయడం మొదలుపెట్టాడు. చేతిలో ఫోను, నోట్లో ప్లాట్లు. ఒకరోజు గుండెల్లో నొప్పి అని సైటు మీదనే కూర్చుండిపోయాడు. సికింద్రాబాద్ తీసుకుపోతే డాక్టరు అన్నీ చూసి, ప్రాణానికి భయం లేదు, నూనె మాత్రం మానెయ్యాలి అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారు అల్వాల్ దాటింది. అప్పుడు అత్తమ్మ అంది. "నూనె కుమ్మరిచ్చి కుమ్మరిచ్చి నా కొడుకును గీ గతికి తెచ్చింది." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

కానీ నాకు భయం వేసింది. మనిషి పోతాడేమోనని నిజంగానే భయం వేసింది. మర్నాడు పొద్దున్నే పందిరి కింది కూరను తెచ్చి ఇంటి పొయ్యి మీద పెట్టాను. మొదటిరోజు ఆయన కంచం వంచి చూశాడు, ఏదీ జారలేదు. "గడ్డి ఉడకపెట్టినవా?" అన్నాడు. కొన్నాళ్లకు నోరు మూసుకుని తిన్నాడు. ఇంకొన్నాళ్లకు అడిగి పెట్టించుకున్నాడు. ఒళ్లు తగ్గింది, మొహం తేటపడింది. చూసినవాళ్లు ఏం చేశావని అడిగితే, "ఏం లేదు, నోరు కట్టేసుకున్న. మనసు గట్టిగుండాలె" అనేవాడు. నేను ఆ పక్కనే మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. దానికీ పెద్దగా బాధపడలేదు. బాధ ఇంకోచోట కలిగింది. చేను దగ్గర మొదట నా నోట్లో పడ్డ కూర, ఇంటికొచ్చాక చివర నా దాకా రావడం మొదలుపెట్టింది. ఒక్కోరోజు రానే లేదు.

తర్వాత ప్లాట్లు కొనేవాళ్లు రావడం మొదలైంది. ఆదివారాలు సిటీ నుంచి కార్లు వచ్చేవి. వాళ్లకు నూనె అంటే భయమని మా ఆయన కనిపెట్టాడు. సైటు చూపించి నేరుగా ఇంటికి తీసుకొచ్చేవాడు. "మా ఇంటి కూర తినుండ్రి. నూనె లేదు, పురుగుల మందు లేదు, మన నేలల పండింది" అని పక్కన కూర్చుని కొసరి వడ్డించేవాడు. వడ్డించడం ఆయనకు వచ్చని నాకు అప్పుడే తెలిసింది. అత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, "మేం తాతల కాలంకెల్లి గిట్లనే తింటం" అనేది. నేను వంటింట్లో గోడ అవతల నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఇంటి హోదా నా కళ్లముందే నూనె డబ్బాలోంచి నూనె లేని గిన్నెలోకి మారిపోయింది.

ఆదివారం అంటే నాకు పొద్దు పొడవకముందే మొదలయ్యేది. చిక్కుళ్లకు ఈనెలు తీయాలి, ఆకుకూర పుల్ల పుల్లా చూసి ఏరాలి, గోరుచిక్కుడు సన్నగా తరగాలి, నువ్వులు మాడకుండా వేయించాలి. అన్నీ వేడిగా, అన్నీ ఒకేసారి. ఒళ్లు పట్టేసిందని ఒక్కసారి అంటే, "నూనె లేదు, మసాల లేదు, ఉడకపెట్టుడే గదా. గంత కష్టమేముంది?" అన్నాడాయన. సులువైన వంట అని పేరు పెట్టేది ఎప్పుడూ తినేవాళ్లే. ప్లాట్లు మాత్రం పోతున్నాయి. తిన్నవాళ్లు సగంమంది కొంటున్నారని ఆయన ఫోనులో ఎవరితోనో అనడం విన్నాను.

స్రవంతి అట్లా వచ్చిన మనిషే. భర్త నవీన్‌తో వచ్చింది. పేట్ బషీరాబాద్‌లో అద్దె ఫ్లాటు, ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. అందరూ ముందుగదిలో తింటుంటే ఆమె కంచం పట్టుకుని వంటింట్లోకి వచ్చి పీట లాక్కుని కూర్చుంది. సొరకాయ ఇంత తియ్యగా ఎట్లా ఉందని అడిగింది. నేను చెప్పాను. నీళ్లు పోయవద్దు, దాని నీళ్లు అదే ఇస్తుంది, మంట తక్కువ పెట్టి మూత తీయకుండా ఆగాలి, అదే కష్టం అన్నాను. ఆమె నవ్వింది. కొంచెంసేపటికి, "అక్కా, మీరు తిన్నారా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ మాట నన్ను అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. "తిన్న" అని అబద్ధం చెప్పాను. ఆ మాట అడిగిందన్న ఒక్క కారణానికి, ఇవి పండేచోటు చూపిస్తారా అంటే ఆమెను పందిరి కిందకు తీసుకుపోయాను. మా పిల్లల్ని కూడా అక్కడ నేను ఎప్పుడూ కూర్చోబెట్టలేదు.

ఆమె చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. ఎర్ర మట్టిలో పాదాలు పెట్టి పైకి చూసింది. ఆకుల నీడలు ఆమె మొహం మీద కదులుతున్నాయి. మూడు రాళ్లూ చూపించాను. ఆవిరి గురించి చెప్పాను. కళ్లు మూసుకుంది. "ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది అక్కా" అంది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. నా లోపలి గదిలోకి ఒక మనిషి వచ్చి, గది బాగుందని చెప్పినట్టు అనిపించింది. ఆమె మాటను ఉన్నదున్నట్టుగా తీసుకోవాలని నాకు తట్టలేదు.

సాయంత్రం కార్లు వెళ్లిపోయాక మా ఆయన వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "మస్తు పని జేసినవ్ మణెమ్మా" అన్నాడు. పెళ్లయ్యాక నా పని గురించి ఆయన అన్న మొదటి మంచి మాట. చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ ఒక్క క్షణం నేను పెళ్లికూతురులా పొంగిపోయాను. అప్పుడు ఆయన మిగతాది చెప్పాడు. ఆ పిల్లకు మిగతా ప్లాట్లేవీ వద్దంట, ఆ కూరగాయల జాగే కావాలంట, ఎంత చెబితే అంత ఇస్తారంట. గురువారం బయానా, అడ్వాన్సు డబ్బు ఇస్తారంట. పట్టా నా పేరు మీదుంది కాబట్టి బయానా నా చేతికే ఇవ్వాలి. "ఊకె తీసుకొని నాకియ్యి. గంతే నీ పని."

"మరి కూరగాయలు?" అన్నాను.

"రైతుబజార్ల దొరుకుతలెవ్వా?"

"గది నాయిన నాకిచ్చింది."

"ఇచ్చిండు గదా. ఇచ్చినంక మనదే." ఆయన నవ్వుతూనే అన్నాడు, కోపంగా కూడా కాదు. ఆ నవ్వుకే నేను ఎక్కువ భయపడ్డాను. కోప్పడితే ఎదురు ఏదైనా అనవచ్చు. మనది అన్న మాటకు ఎదురేం చెప్పాలి? ఈ ఇంట్లో నావన్నీ మనవి అయ్యాయి. నా నోటికోసం వండుకున్న కూర ఇంటి కూర అయింది, ఇంటి కూర దావతు కూర అయింది, దావతు కూర ఇప్పుడు ఆ నేలకే రేటు కట్టింది. నేను బాగా వండాను. బాగా వండినందుకే నా పందిరి పోతోంది. చెడగొట్టి వండి ఉంటే ఎవరికీ అక్కరకు రాకపోయేది కదా అని మళ్లీ మళ్లీ అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు నా చేతుల మీద నాకే జాలి వేసింది.

మర్నాడు అత్తమ్మ, నేను చాటలో చిక్కుళ్లు పోసుకుని ఈనెలు తీస్తున్నాం. ఆమె తలెత్తకుండా అంది. "నాకు గూడ ఇచ్చిండ్రు, పసుపు కుంకుమకు. తూంకుంట దిక్కు. మల్లెచెట్టు పెట్టుకున్న గట్టున." ఇన్నేళ్లలో ఆ మాట నేను వినలేదు. ఏమైంది అని అడిగాను. "బోరు ఏపిస్తమని అమ్మిండ్రు. ఏలుముద్ర పెట్టుమన్నరు, పెట్టిన. బోరుల నీళ్లు పడలే." ఒక ఈనె తీసి పక్కన వేసింది. ఇంకొకటి తీసింది. ఆ భూమి మీద ఇప్పుడు ఏముంది అని అడగాలనుకున్నాను కానీ ఆమె మొహం చూసి అడగలేదు. కాసేపటికి మామూలు గొంతుతో, "పెట్టు సంతకం. ఇంట్ల లొల్లెందుకు" అంది. అని చాట తీసుకుని లేచి లోపలికి పోయింది.

నేను పందిరి కిందకు పోయాను. వండాలనిపించలేదు. బావి గట్టు మీద తల పెట్టుకుని పడుకుంటే కునుకు పట్టింది. కలలో ఆ పందిరి కిందనే ఒక ఇల్లు ఉంది. గోడలు బాగా తెల్లగా ఉన్నాయి. లోపల బల్ల ముందు మా ఆయన, అత్తమ్మ, పిల్లలు, సిటీ వాళ్లు అందరూ కూర్చుని ఉన్నారు. అందరూ గురిగిలోంచి తీసుకుంటున్నారు, గురిగి ఖాళీ కావడం లేదు. నేను సంతోషంగా వడ్డిస్తూనే ఉన్నాను. అప్పుడు చూసుకుంటే బీర తీగ నా చేతుల్లోంచి మొలుస్తోంది. వాళ్లు తెంపుకుంటున్నది నా నుంచే. నొప్పి లేదు. అదే నన్ను భయపెట్టింది, నొప్పి లేకపోవడం. లేచేసరికి ఎండ వాలింది. ఒక విమానం చాలా కిందుగా పోతోంది, దాని నీడ ఆకుల మీంచి, నా మీంచి పోయింది. కాసేపు అది కలలోదో, బయటిదో తెలియలేదు.

గురువారం వచ్చింది. బయానా రాహుకాలం తగలకముందే అయిపోవాలని, ఆ తర్వాతే భోజనాలని మా ఆయన పొద్దున్నే చెప్పాడు. నేను వండాను. బీరకాయ, సొరకాయలో పెసరపప్పు, చిక్కుళ్లకు నువ్వుల పొడి, గంగవాయిల కూర. చెడగొట్టాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. అంతకుముందు ఎప్పుడూ వండనంత బాగా వండాను. వాళ్లు కొంపల్లి దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నారని ఫోను వచ్చింది. మా ఆయన గడియారం వైపూ గేటు వైపూ తిరుగుతున్నాడు. వంటింట్లో గిన్నెల మూతలు సన్నగా కదులుతున్నాయి. ఆవిరి వాసన గదంతా పరుచుకుంది. నేను ఆ వాసనలో నిలబడి ఉన్నాను. అప్పుడు నాకు ఆకలి వేసింది. ఇంకేం ఆలోచన లేదు, ఎవరి మీదా కోపం కూడా లేదు. ఉత్త ఆకలి. చేను దగ్గర వేసే ఆకలి, ఓర్చుకోవాలని అనిపించనిది.

బయట కారు ఆగింది. తలుపులు వేసిన చప్పుడు, పలకరింపులు, ఆలస్యమైందంటూ క్షమాపణలు. నేను కంచం తీసుకున్నాను. అన్నం పెట్టుకున్నాను. బీరకాయ కూర మూత తీసి ముక్కలు బాగా పడేట్టు వడ్డించుకున్నాను. గోడకు ఆనుకుని కింద కూర్చుని, కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. వేడికి నాలుక చురుక్కుమంది.

"మణెమ్మా, జల్దీ రా. టైం అయితాంది" అని పిలుస్తూ మా ఆయన గడప దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. ఆయన వెనక అత్తమ్మ. ఆమె వెనక స్రవంతి, రెండు చేతులతో పళ్లెం పట్టుకుని ఉంది. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, వాటి మధ్య ఒక కవరు. ముగ్గురూ నా కుడిచేతిని చూశారు. మెతుకులంటిన చేయి. ఎంగిలి చేత్తో బయానా తీసుకోరు. ఎడమ చేత్తో అసలే తీసుకోరు. మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"ఏందిది? మేమింక తినలే" అన్నాడాయన, గొంతు తగ్గించి. "జెయ్యి కడుక్కో, పో."

"తింటున్న" అన్నాను.

స్రవంతి పళ్లెం కొంచెం కిందకు దించింది. "పర్లేదు అన్నా, తిననివ్వండి. మేం ఆగుతాం" అంది. ఆ పిల్ల మంచిదే. ఆమె మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. అందుకే ఆమెకే చెప్పాను.

"ఆగకు చెల్లె. గా జాగ నాది. నా పేరు మీదున్నది. నేను అమ్ముతలేను. నీకెవ్వలు ముందుగాల చెప్పలే, గంతే."

ముందుగదిలో నవీన్ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్న మాటలు వినపడుతున్నాయి. మా ఆయన మొహం ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది. గుండెనొప్పి వచ్చిన మనిషి అని నాకు గుర్తుంది. గుర్తుండే కూర్చున్నాను. ఆయన ఒక అడుగు లోపలికి వేసి, నా రెక్క పట్టుకుని లేపడానికి వంగాడు.

"జనార్ధన్." అత్తమ్మ గొంతు. ఆమె గడప మీదే నిలబడి ఉంది. చూపు నా మీద లేదు, కొడుకు మీద కూడా లేదు, ఎటో కిటికీ వైపు ఉంది. "అన్నం ముందట కూసున్న మనిషిని లేపొద్దురా."

ఆయన చేయి గాలిలో ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా నన్ను ఆకలితో కూర్చోబెట్టిన నోరే ఆ మాట అన్నది. ఆయన నిటారుగా నిలబడి గడియారం వైపు చూశాడు. "తినుడైనంక జెయ్యి కడుక్కొని బయటికి రా" అన్నాడు, ఈసారి బతిమాలినట్టు. "రాహుకాలానికి ఇంక కొంచెం టైమున్నది."

నా కంచం ఖాళీ అయింది. ఎడమ చేత్తో గంటె అందుకుని, బీరకాయ కూర మారు వడ్డించుకున్నాను.